కడుపులో బిడ్డ, కంచంలో కూడు

మహానందికి వచ్చి అరటిపండ్లు కొనకుండా వెనుదిరిగే యాత్రికులు తక్కువ. నల్లమల పాదంలో ఊరే నీరు గుడి కోనేట్లో, అడుగున పడ్డ నాణెం పైకి కనబడేంత తేటగా నిలిచి, అక్కడి నుంచి పారి చుట్టుపక్కల తోటలను తడుపుతుంది. కర్నూలు, కడప సీమల్లో మిగతా నేలంతా వాన కోసం మొహం వాచి ఉన్నప్పుడు కూడా ఇక్కడ అరటి పచ్చగా ఉంటుంది. సంతానం కోసం మొక్కుకుని వచ్చేవాళ్లు, బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించడానికి వచ్చేవాళ్లు, ఇంట్లో కడుపుతో ఉన్న కోడలికని అత్తాన్ని అత్తంగా బేరమాడేవాళ్లు, అందరూ ఆ పండ్ల అంగళ్ల దగ్గర కలుస్తారు. పండ్లు బాగా తింటే ఒంటికి రక్తం పడుతుందని పెద్దవాళ్ల నమ్మకం.

అరటిపండు మంచిదే. శక్తినిస్తుంది, పొటాషియం ఇస్తుంది, వేవిళ్లతో ఏదీ ఇమడని రోజుల్లో కడుపులో నిలిచే కొద్దిపాటి తిండిలో అదొకటి. రక్తం పట్టించడం మాత్రం దానివల్ల అయ్యే పని కాదు. 100 గ్రాముల అరటిపండులో అర మిల్లీగ్రాము ఇనుము కూడా ఉండదు. గర్భిణికి రోజుకు 27 మి.గ్రా. కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్కగట్టింది. గెలకు గెల తింటే గానీ ఆ లెక్క తేలదు.

కడుపులో బిడ్డ క్షేమం గురించి ఎన్నో మాటలు చెప్పుకోవచ్చు. మన ప్రాంతంలో మాత్రం అన్నిటికన్నా ముందు మాట్లాడుకోవలసింది రక్తం సంగతే. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ గర్భిణుల్లో 53.7 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. నాలుగో సర్వేలో ఇది 52.9 శాతం. తెలంగాణ, దేశం మొత్తం లెక్కలు కూడా ఇంచుమించు ఇలాగే ఉన్నాయి. గర్భిణులకు ఇనుము మాత్రలు పంచే జాతీయ కార్యక్రమం 1970లోనే మొదలైందని గుర్తు పెట్టుకుని ఈ అంకెలు చదవాలి. అర్ధశతాబ్దం మాత్రలు పంచాక కూడా ఇద్దరిలో ఒకరికి రక్తం తక్కువే.

గాజులపల్లె, తిమ్మాపురం లాంటి ఊళ్లలో రక్తహీనత పరీక్ష చేసేది ఎక్కువగా ఏఎన్ఎం. ఉంగరపు వేలి కొసను స్పిరిట్ దూదితో తుడిచి ఆరనిస్తుంది. సూదితో గుచ్చి, మొదటి చుక్కను తుడిచేసి, తర్వాతి చుక్కను పట్టీ మీదికి తీసుకుంటుంది. వేలిని గట్టిగా పిండితే కండలోని నీరు రక్తంలో కలిసి అంకె తప్పు వస్తుంది కాబట్టి, తెలిసినవాళ్లు పిండరు. మీటరు మీద హీమోగ్లోబిన్ 11 గానీ ఆ పైన గానీ వస్తే సరే. 10 నుంచి 10.9 దాకా కొద్ది లోపం, 7 నుంచి 9.9 దాకా మధ్యరకం. 7 కన్నా దిగితే ఆసుపత్రిలో చేర్చవలసిన స్థితి. అంతటి లోపం ఉన్న తల్లికి కాన్పులో మామూలుగా పోయే రక్తమే ప్రాణం మీదికి తెస్తుంది. బిడ్డ నెలలు నిండక ముందే పుట్టడం, రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టడం కూడా ఇలాంటి తల్లుల్లోనే ఎక్కువ.

మరి ఆరోగ్యంగా ఉన్న అమ్మాయికి కూడా కడుపు రాగానే రక్తం ఎందుకు తగ్గుతుంది? గర్భం నిలిచాక ఒంట్లో రక్తం పరిమాణం దాదాపు సగం పెరుగుతుంది. అందులో నీటిభాగం ముందుగా, ఎక్కువగా పెరుగుతుంది, ఎర్రకణాలు వెనకబడతాయి. చారులో నీళ్లు పోసినట్టు రక్తం పలచబడుతుంది. కొద్దిగా పలచబడటం మేలే, మాయలోని సన్నని నాళాల గుండా తేలిగ్గా పారుతుంది. చిక్కల్లా కొత్త ఎర్రకణాలకు ఇనుము కావాలి, మాయకు కావాలి, బిడ్డకు కావాలి. మొత్తం తొమ్మిది నెలలకు లెక్కేస్తే సుమారు 1000 మి.గ్రా. అవుతుంది. అందులో దాదాపు 300 మి.గ్రా. బిడ్డ, మాయ కలిసి తీసుకుంటాయి, అదీ ఎక్కువగా చివరి మూడు నెలల్లో. మాయ ఈ విషయంలో మొహమాటపడదు. తల్లి నిల్వలు అడుగంటుతున్నా బిడ్డ వాటా లాగుతూనే ఉంటుంది. మరీ కరువైనప్పుడు ఇద్దరికీ చాలదు. పుట్టిన బిడ్డ మొదటి ఆరు నెలలు బతికేది ఇలా కడుపులో దాచుకున్న ఇనుముతోనే, ఎందుకంటే తల్లిపాలలో ఇనుము చాలా కొద్ది. కాన్పు కాగానే బొడ్డుతాడు కోసెయ్యకుండా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి కారణం అదే. ఆ కాస్త ఆలస్యంలో మాయలో మిగిలిన రక్తం బిడ్డకు చేరుతుంది. పైసా ఖర్చు లేని పని.

మన తిండిలో ఇనుము లేదని కాదు. జొన్న, కొర్ర, రాగి, ఉలవ, శనగ, తోటకూర, గోంగూర, అన్నిటిలోనూ ఉంది. తిన్నదంతా ఒంటికి పట్టదు, అదీ అసలు ఇబ్బంది. గింజల పొట్టులో ఉండే ఫైటేట్లు ఇనుమును పట్టుకుని పేగు గోడ దాటనివ్వవు. టీలోని టానిన్లదీ అదే పని. మాంసం, చేప, కాలేయంలో ఉండే ఇనుము వేరే రూపంలో ఉండి ఈ అడ్డంకులను చాలావరకు తప్పించుకుంటుంది. శాకాహారులకు ఉన్న దారి పులుపు. నిమ్మరసం, జామ, ఉసిరి లాంటివాటిలోని సి విటమిన్ మొక్కల ఇనుమును పేగు పీల్చుకునే రూపంలోకి మారుస్తుంది. శనగలను, రాగులను నానబెట్టి మొలకెత్తిస్తే ఫైటేట్లు తగ్గుతాయి. పాతకాలంలో రాగి అంబలిని రాత్రంతా పులియబెట్టి తాగేవాళ్లు. పులిసినా ఫైటేట్లు తగ్గుతాయి. ఆ పద్ధతి వెనక ఎవరూ రసాయనశాస్త్రం చదివి ఉండరు, అయినా అది సరైన రసాయనశాస్త్రమే.

ఎర్ర మాత్ర కథ కూడా ఇక్కడే చెప్పాలి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు మింగాలి. ఒక్కో మాత్రలో 60 మి.గ్రా. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. ఊళ్లలో వీటిని "రక్తం మాత్రలు" అంటారు. మాత్ర వేసుకున్న అమ్మాయికి వికారం వస్తుంది, మలబద్ధకం వస్తుంది, విరేచనం నల్లగా అవుతుంది. ఆ నలుపు చూసి భయపడేవాళ్లు చాలామంది. ఆ మాత్ర మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని కొందరు, బిడ్డ బాగా ఎదిగితే కాన్పు కష్టమవుతుందని కొందరు మాన్పిస్తారు. పేగు పీల్చుకోగా మిగిలిన ఇనుమే ఆ నలుపు. బిడ్డ ఛాయ తల్లిదండ్రుల జన్యువులది, దానికి ఇనుముతో గానీ కుంకుమపువ్వుతో గానీ సంబంధం లేదు.

చాలా ఇళ్లలో మాత్ర వేసుకునే తీరు ఇలా ఉంటుంది. పొద్దున టీ కాగానే గ్లాసు చేత్తో పట్టుకుని, ఎర్ర మాత్ర, దాంతో పాటే ఆసుపత్రిలో ఇచ్చిన కాల్షియం మాత్ర కలిపి నోట్లో వేసుకుని టీతోనే మింగేస్తారు. టీ ఒకవైపు, కాల్షియం మరోవైపు అడ్డం పడితే ఇనుములో లోపలికి పోయేది కొద్ది. రాత్రి భోజనం తర్వాత గంటో గంటన్నరో ఆగి, నిమ్మకాయ నీళ్లతో ఇనుము మాత్ర వేసుకుని పడుకుంటే వికారం కూడా నిద్రలోనే పోతుంది. కాల్షియం మాత్ర పగటిపూట భోజనంతో వేసుకోవచ్చు. రెండింటి మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. మాత్ర చేతిలో పెట్టేటప్పుడు ఈ రెండు మాటలు చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. మాత్రల స్ట్రిప్పులు పంచిన లెక్కలే రిజిస్టర్లలో ఉంటాయి గానీ, మింగిన లెక్కలు ఉండవు.

ఇంతవరకూ చెప్పింది నాలుగో నెల తర్వాతి సంగతి. బిడ్డకు సంబంధించిన అతి పెద్ద నిర్మాణం అప్పటికే అయిపోయి ఉంటుంది.

పిండం ఏర్పడిన మూడో వారంలో దాని వెన్ను పొడవునా ఒక పలక లేస్తుంది. పలక అంచులు పైకి వంగి, ఒకదానికొకటి అతుక్కుని గొట్టమవుతాయి. పైకొస మెదడవుతుంది, మిగిలిందంతా వెన్నుపాము. ఈ గొట్టం 28వ రోజుకు మూసుకుపోతుంది. కింద మూసుకోకపోతే వెన్నెముక చీలి నరాలు బయటపడి బిడ్డ కాళ్లు పడిపోవచ్చు. పైన మూసుకోకపోతే మెదడు, పుర్రె ఏర్పడవు, ఆ బిడ్డ బతకదు. ఇప్పుడు రోజులు లెక్కపెట్టండి. గర్భం నిలిచిన రెండు వారాలకు నెల తప్పుతుంది. ఓ వారం పది రోజులు చూద్దామని ఆగుతారు. తర్వాత అత్తకు చెప్పడం, మొగుడికి చెప్పడం, ఆశా కార్యకర్తకు చెప్పి కార్డు రాయించుకోవడం. అప్పటికి ఆ గొట్టం మూసుకునేదుంటే మూసుకుంది, లేకుంటే లేదు. తర్వాత ఎన్ని పండ్లు తినిపించినా, ఎన్ని స్కానింగులు తీయించినా దాన్ని మార్చలేం.

ఆ నాలుగు వారాల్లో పిండానికి ముఖ్యంగా కావలసింది ఫోలేట్ అనే బి విటమిన్, మాత్రలో ఉండే ఫోలిక్ ఆమ్లం దాని రూపమే. కణం రెండుగా చీలేముందు తన డీఎన్ఏను నకలు తీసుకోవాలి. ఆ నకలుకు కావలసిన ఇటుకలు తయారవడానికి ఫోలేట్ లేనిదే కుదరదు. క్షణక్షణం చీలుతూ పోయే పిండకణాలకు దీని అవసరం ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

ఈ విటమిన్ చరిత్రలో మన నేల పాలు చాలా ఉంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయికి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్లలో, కడుపుతో ఉన్నప్పుడు ఒక రకం తీవ్రమైన రక్తహీనత వచ్చి ప్రాణాలు తీస్తోంది. ఎర్రకణాలు తక్కువగా, అసహజంగా పెద్దవిగా ఉండేవి. ఇనుము ఇచ్చినా లాభం లేదు. విల్స్ కూనూరులో మెకారిసన్ అనే వైద్య పరిశోధకుడు నడిపిన పోషకాహార పరిశోధన కేంద్రంలో కొంతకాలం, మద్రాసు తిరువళ్లిక్కేణిలోని క్యాస్ట్ అండ్ గోషా ఆసుపత్రిలో కొంతకాలం పనిచేసింది. ఆ ఆసుపత్రే ఇప్పటి కస్తూర్బా గాంధీ ఆసుపత్రి. రొట్టెకు రాసుకునే మార్మైట్ అనే చవక ఈస్టు ముద్దను పెడితే ఈ ఆడవాళ్లు కొద్ది రోజుల్లోనే కోలుకోవడం ఆమె గమనించి 1931లో ప్రకటించింది. ఈస్టులో ఉన్నదేమిటో అప్పటికి తెలియదు కాబట్టి దాన్ని "విల్స్ ఫ్యాక్టర్" అన్నారు. పదేళ్ల తర్వాత అమెరికాలో నాలుగు టన్నుల పాలకూరను ఉడికించి వడగట్టి ఆ పదార్థాన్ని చిటికెడు తీశారు. కూనూరు పరిశోధనశాల 1958లో హైదరాబాద్‌కు తరలి వచ్చి ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

నాలుగు టన్నుల ఆకుకూరకు చిటికెడు మందు వస్తే ఊరూరా పంచేదెలా? ఆ చిక్కు విప్పింది భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సొంత అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. ఆయనకూ ఆ జబ్బు వచ్చింది. తర్వాత అమెరికా వెళ్లి, హార్వర్డులో కండరాల శక్తి రసాయనాల మీద పేరు తెచ్చుకుని, 1940 నుంచి న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ పరిశోధనశాలలో పనిచేశాడు. ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూకు అది మందని ఆ వెంటనే తేలింది. ఈ రోజు మన ఊరి ఎర్ర మాత్రలో ఉన్న 500 మైక్రోగ్రాములు ఆ పనికి కొనసాగింపే. సుబ్బారావు పేరు చెప్పగానే మనవాళ్లు నోబెల్ రాలేదని బాధపడతారు.  ఆయన మందు మనింట్లో కోడలు మింగుతోందా లేదా అని అడిగినవాళ్లు తక్కువ.

అదే లెడర్లీ బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనికి అడ్డుపడే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను కూడా తయారుచేసింది. కణాలు విపరీతంగా చీలే రక్త క్యాన్సర్‌ను అణచడానికి అవి పనికొచ్చాయి. 1950ల మొదట్లో అమినోప్టెరిన్‌ను గర్భస్రావానికి వాడి చూసినప్పుడు, పోకుండా నిలిచిన కొన్ని పిండాల్లో మెదడు, పుర్రె, ముఖం వికారంగా ఏర్పడ్డాయి. ఫోలేట్‌కు అడ్డుపడితే పిండానికి ఏమవుతుందో అలా బయటపడింది. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు దాన్ని డాక్టరుకు చెప్పి ముందే మానుకోవాలి.

ఫోలిక్ ఆమ్లం ముందుగా ఇస్తే బిడ్డను కాపాడవచ్చునని గట్టిగా తేల్చింది 1991లో వెలువడిన బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి అధ్యయనం. ఏడు దేశాల్లో 33 కేంద్రాల్లో, అంతకుముందు గర్భంలో బిడ్డకు ఆ గొట్టం మూసుకోని లోపం వచ్చిన తల్లులకు గర్భానికి ముందు నుంచే రోజుకు 4 మి.గ్రా. ఇచ్చారు. గొట్టం మూసుకోని లోపాలు 72 శాతం తగ్గాయి. ఫలితం అంత స్పష్టంగా ఉండడంతో మాత్ర ఇవ్వని గుంపును అలా వదిలేయడం తప్పని పరీక్షను ముందే ఆపేశారు. మామూలు ఆడవాళ్లకు అంత మోతాదు అక్కర్లేదు, రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. అమెరికా 1998 నుంచి పిండిలోనే కలపడం తప్పనిసరి చేసింది.

మన దగ్గర ఈ పని బియ్యంలో మొదలైంది. 2024 నాటికి రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన గింజలను నూటికి ఒకటి చొప్పున కలిపి ఇచ్చారు. బియ్యప్పిండిలో ఈ విటమిన్లు కలిపి మళ్లీ గింజలుగా ఒత్తినవి కాబట్టి, కడిగేటప్పుడు కొన్ని నీళ్ల మీద తేలతాయి, రంగు కూడా కాస్త తేడాగా ఉంటుంది. ప్లాస్టిక్ బియ్యమని ఊళ్లలో గగ్గోలు పుట్టింది. చేటలో పోసుకుని ఒక్కో గింజా ఏరి పారబోశారు. ఏ గింజ పనికొచ్చేదో దాన్నే ఏరేశారన్నమాట. తలసీమియా లాంటి జబ్బులున్నవాళ్లు మాత్రం ఈ బియ్యం గురించి డాక్టరును అడగాలి.

ఫోలేట్ నంద్యాల నల్లరేగడిలోనే దండిగా పండుతుంది. యాసంగిలో ఆ చేలంతా శనగే. 100 గ్రాముల ఎండు శనగల్లో 200 మైక్రోగ్రాములకు పైనే ఫోలేట్ ఉంటుంది. కొర్రలో కొత్త రకాలు తీయడంలో నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి దేశమంతటా పేరు, "సూర్యనంది" అక్కడ పుట్టిన రకమే. కేసీ కెనాల్ కింద వరి పండి తెల్లన్నం రోజువారీ కూడయ్యాక, కొర్రన్నం పండగ నాటి ముచ్చటగానో షుగరు రోగుల పథ్యంగానో మిగిలింది. కూరలను ఎక్కువసేపు ఉడికించి నీళ్లు పారబోస్తే ఫోలేట్ సగానికి సగం పోతుంది. అందుకే తిండి ఎంత మంచిదైనా గర్భానికి ముందు, మొదటి మూడు నెలలు మాత్ర కూడా వేసుకోమంటారు.

బి12 సంగతి కొంత వేరు. అది మాంసం, గుడ్డు, పాలు, పెరుగులో తప్ప మొక్కల్లో దొరకదు. పుణె చుట్టుపక్కల పల్లెల్లో 1993 నుంచి డాక్టర్ యాజ్ఞిక్ బృందం తల్లులను, వాళ్ల పిల్లలను గమనిస్తోంది. బి12 తక్కువగా, ఫోలేట్ ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో ఆరేళ్ల వయసుకే ఇన్సులిన్ సరిగా పనిచేయని లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. గుడ్డు, మాంసం ముట్టని ఇళ్లలో గర్భిణి పాలు, పెరుగులకు లోటు రానీయకూడదు, అవసరమైతే బి12 పరీక్ష చేయించాలి.

కడుపులో ఉన్నప్పటి తిండి పెద్దయ్యాక కూడా ఒంట్లో కనిపిస్తుందా? తెలుగునాట దీనికి చక్కని సాక్ష్యం ఉంది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గరి 29 పల్లెలను జాతీయ పోషకాహార సంస్థ ఎంచుకుంది. అంగన్‌వాడీ పథకం అప్పటికి అన్ని ఊళ్లకూ రాలేదు. వచ్చిన 15 ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. తల్లుల వాటాలో 500 కేలరీలు, 20 నుంచి 25 గ్రాముల మాంసకృత్తులు ఉండేవి. మిగతా 14 ఊళ్లకు ఆ పథకం ఇంకా అందలేదు. తర్వాత అందరూ ఆ సంగతి మరిచిపోయారు. 2003–05లో సంజయ్ కిన్రా బృందం మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లి, అప్పటికి 13 నుంచి 18 ఏళ్ల వయసున్న 1,165 మందిని పరీక్షించింది. ఉప్మా ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. షుగరు జబ్బు వైపు లాగే ఇన్సులిన్ నిరోధం వాళ్లలో 20 శాతం తక్కువ. రక్తనాళాల బిరుసు కూడా తక్కువే. రక్తపోటులో, కొలెస్టరాల్‌లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఉప్మాతో పాటు టీకాలు, పరీక్షలు కూడా ఆ ఊళ్లకు ముందు అందాయి కాబట్టి ఘనతంతా ఉప్మాకే కట్టబెట్టలేం. అయినా అంగన్‌వాడీ గిన్నెలోని ఆ తిండి పదిహేనేళ్ల తర్వాత పిల్లల రక్తనాళాల్లో కొలిస్తే దొరికిందంటే, అంగన్‌వాడీని తేలిగ్గా తీసిపారేసేవాళ్లు ఓసారి ఆలోచించాలి. 2020 సెప్టెంబరులో మన రాష్ట్రంలో మొదలైన సంపూర్ణ పోషణ పథకం గర్భిణులకు పాలు, గుడ్లు, రాగిపిండి, అటుకులు, బెల్లం, వేరుశనగ చిక్కీ, ఎండు ఖర్జూరం లాంటివి చేర్చింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకాల పేర్లు మారుతుంటాయి, గర్భిణికి కావలసిన తిండి మారదు.

ఎంత తినాలన్న దాని మీద కూడా అపోహలే. ఇద్దరి తిండి తినాలంటారు. కావలసింది రోజుకు అదనంగా 350 కేలరీలు మాత్రమే. ఒక జొన్నరొట్టె, ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు కలిస్తే దాదాపు అంతే. బొప్పాయి పండును విషంలా చూస్తారు. పచ్చికాయ పాలలో గర్భసంచిని ముడిపించే గుణం ఉన్నట్టు ఎలుకల మీద పరీక్షల్లో తేలింది, బాగా మగ్గిన పండులో అది కనబడలేదు. గ్రహణం పట్టినప్పుడు గర్భిణిని పస్తు పెట్టి కదలకుండా పడుకోబెట్టడం వల్ల బిడ్డకు ఒరిగేదేమీ లేదు, తల్లికి నీరసం తప్ప.

ఎండ సంగతి వేరు. అది అపోహ కాదు. నంద్యాల, కర్నూలు వైపు ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు మామూలు. ఉపాధి పనికో, మిరప కోతకో పోయే ఆడవాళ్లలో మూడు నాలుగు నెలల గర్భిణులు ఉంటారు, ఎవరికీ చెప్పకుండా. ఒళ్లు వేడెక్కినప్పుడు రక్తం చర్మం వైపు మళ్లుతుంది, నీరు తగ్గుతుంది, మాయకు చేరే రక్తం తగ్గుతుంది. చెన్నైలోని శ్రీరామచంద్ర సంస్థ పరిశోధకులు తమిళనాడులో 800 మంది గర్భిణులను గమనిస్తే, ఎండలో పనిచేసేవాళ్లలో గర్భస్రావం ముప్పు దాదాపు రెండింతలుగా తేలింది. మధ్యాహ్నం పని మాన్పించడం, నీడ, నీళ్లు, మజ్జిగ ఇవ్వడం మేస్త్రీ దయాదాక్షిణ్యాలకు వదిలే విషయం కాకూడదు.

రక్తపోటు, షుగరు రెండూ చాటుగా వచ్చేవే. కాళ్ల వాపు మామూలేనని వదిలేస్తారు గానీ, దానితో పాటు మొహం ఉబ్బడం, తగ్గని తలనొప్పి, కళ్లు మసకలు ఉంటే అదే రోజు ఆసుపత్రికి పోవాలి. షుగరు కోసం 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చూస్తారు, 140 గానీ ఆ పైన గానీ వస్తే గర్భంలో వచ్చే మధుమేహమే. మొదటిసారి కార్డు రాయించుకున్నప్పుడు ఒకసారి, ఆరో నెల చుట్టుపక్కల మరోసారి ఈ పరీక్ష చేయించాలి.

ఇన్ని చెప్పాక కూడా ఒక సంగతి మిగిలింది. మన ఇళ్లలో ఆడవాళ్లు ఆఖరున తింటారు. మొగవాళ్లు, పిల్లలు, అత్తమామలు తిన్నాక గిన్నెలో మిగిలిందే కోడలి వాటా. పప్పు అడుగంటి ఉంటుంది, గుడ్డు పిల్లలకు పోతుంది, అంగన్‌వాడీ నుంచి తెచ్చిన పాలు టీలోకి పోతాయి. ఈ ఆఖరి బంతి అలవాటుకు ఏ మాత్రా సరిపోదు. పైగా 2019–21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకుండానే పెళ్లయింది. తన ఒళ్లే ఇంకా ఎదుగుతున్న పిల్ల కడుపులో మరో బిడ్డను ఎదగనివ్వాలంటే ఇద్దరికీ ఇనుము చాలదు. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలి మాత్ర అందుకే. ఆడపిల్ల దాన్ని బెంచీ కింద పడేయకుండా మింగితే, పదేళ్ల తర్వాత పుట్టబోయే బిడ్డకు ఇప్పటి నుంచే నిల్వ పడినట్టు.

2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో మూడు నెలలు దాటిన గర్భిణులను డాక్టరు ఉచితంగా పరీక్షించే ఏర్పాటు ఉంది. మీ ఇంట్లో గర్భిణి ఉంటే ఆ రోజు కూలి పోయినా సరే వెంట వెళ్లండి, రక్తం అంకె ఎంతో మీరే అడిగి తెలుసుకోండి, కిందటి నెల అంకెతో పోల్చి చూడండి. మాత్రలు వాడినా పెరగకపోతే ఇనుమును నేరుగా నరంలోకి ఎక్కించే మందు ఉంది, దాని గురించి అడగండి. కొత్తగా పెళ్లయిన జంట ఉంటే నెల తప్పేదాకా ఆగకుండా ఇప్పుడే ఫోలిక్ ఆమ్లం మాత్ర తెప్పించుకోండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అది ఉచితం.